కిల్‌పెక్ చర్చి చెక్కడాలు నిజంగా 1140 నాటివేనా?

గుంటూరు_నర్స్:

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లోని హియర్‌ఫర్డ్‌లో నర్సుగా చేస్తున్నాను. ఈ వేసవికి అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చారు. నాన్న మా ఊరి లూథరన్ చర్చిలో చాలా ఏళ్లు సంఘ పెద్దగా ఉన్నారు. కేథడ్రల్ చూపించాక, ఒక పల్లెటూరి పేరిష్ చర్చి కూడా చూస్తే బాగుంటుందని కిల్‌పెక్ తీసుకెళ్లాను. హియర్‌ఫర్డ్ నుంచి అబర్‌గవెన్నీ వెళ్లే రోడ్డులో పదిహేను కిలోమీటర్ల లోపే, పొలాల మధ్య ఉంటుంది. పేరు సెయింట్ మేరీ అండ్ సెయింట్ డేవిడ్.

చర్చి చిన్నదే. కానీ దక్షిణం వైపు ద్వారం చూశాక మేం ముగ్గురం అక్కడే ఆగిపోయాం. ఎర్ర రాతి స్తంభాల మీద పాములు, ఒకదాని తోక ఇంకొకటి మింగుతూ పైకి పాకుతున్నాయి. తలుపు మీది అర్ధచంద్రం లాంటి రాతిపలకలో తీగలు అల్లుకున్న చెట్టు. కమాను చుట్టూ పక్షులు, ముక్కు పొడుగు తలలు. పాము పొలుసుల గీతలు కూడా స్పష్టంగా ఉన్నాయి. నాన్న దగ్గరికెళ్లి చాలాసేపు చూసి, "ఇది 1140 నాటిది కాదమ్మా. మన ఊళ్లో వందేళ్ల చర్చికే గోడలు పెచ్చులూడుతున్నాయి. వానలు పడే ఈ దేశంలో దాదాపు 900 ఏళ్లుగా రాయి ఇలా ఉంటుందా? తర్వాత ఎవరో మళ్లీ చెక్కి పెట్టి ఉంటారు" అన్నారు. నాకు జవాబు తెలియలేదు. లోపల కూడా పెద్దగా వివరం దొరకలేదు.

తెలిసినవాళ్లు చెప్పండి. ఆ చెక్కడం అసలుదేనా, తర్వాత వేసిందా? ఏ ఆధారంతో చెప్పగలం? ఇంకో సందేహం అమ్మది. చూరు కింద చుట్టూ వరసగా తలకాయలు, జంతువులు, దయ్యాల్లాంటివి ఉన్నాయి. దేవుడి మందిరం మీద అవెందుకు?

లండన్_కృష్ణా_జిల్లా:

మీ నాన్నగారు అన్నదాంట్లో నిజం ఉండొచ్చండి. ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి కాలంలో పాత చర్చిలను రిపేర్ పేరుతో చాలావరకు మార్చేశారు. కిల్‌పెక్‌లో కూడా 1848లో పెద్ద మరమ్మతు జరిగిందని చదివాను. అప్పుడే కొత్త రాళ్లు పెట్టి ఉంటారని నా ఊహ. ఇక్కడి పల్లె చర్చిల్లో సగం కిటికీలు, పైకప్పులు ఆ కాలానివే కనిపిస్తాయి.

సున్నపు_గచ్చు:

నేను గ్లోస్టర్‌లో బిల్డింగ్ సర్వేయర్‌ని. నా పని ఎక్కువగా పాత రాతి కట్టడాల మీదే. మీ నాన్నగారు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. మరీ స్పష్టంగా ఉన్న చెక్కడం ఎక్కడ కనిపించినా నేనూ మొదట అనుమానంగానే చూస్తాను. అయితే కిల్‌పెక్ గురించి గట్టిగా చెప్పొచ్చు. ఆ ద్వారం అసలుదే. చెక్కినవాళ్లు పెట్టిన చోటే ఇప్పటికీ ఉంది.

1848 మరమ్మతు మాట నిజం. కానీ అంతకు ముందే, 1842లో, జార్జ్ రాబర్ట్ లూయిస్ అనే చిత్రకారుడు కిల్‌పెక్ చెక్కడాలను వివరంగా గీసి అచ్చు వేయించాడు. ఆ బొమ్మల్లో ఇవే పాములు, ఇదే చెట్టు, ఇవే తలలు ఉన్నాయి. 1848లో కొత్తగా చెక్కినవైతే 1842 బొమ్మల్లోకి ఎలా వస్తాయి? పాత కట్టడం వయసు మీద వాదన వచ్చినప్పుడు మరమ్మతుకు ముందు గీసిన బొమ్మను మించిన సాక్ష్యం నాకు అరుదుగా దొరుకుతుంది. కిల్‌పెక్‌కు అది ఉండటం మన అదృష్టం.

ఇక ఇంత బాగా ఎలా నిలిచిందన్నది. మొదటి కారణం రాయి. హియర్‌ఫర్డ్‌షైర్ అంతా కనిపించే ఎర్ర ఇసుకరాయి ఇది. భూగర్భ శాస్త్రవేత్తలు ఓల్డ్ రెడ్ శాండ్‌స్టోన్ అంటారు. సుమారు 40 కోట్ల ఏళ్ల కిందటిది. ఈ రాయి అంతా ఒకే రకంగా ఉండదు. కొన్ని పొరలు చేత్తో రాస్తేనే పొడి రాలతాయి. కొన్ని గట్టిగా, సన్నని రేణువుతో, ఉలికి లొంగుతూనే అంచు నిలుపుకుంటాయి. కిల్‌పెక్ మేస్త్రీలు మంచి పొర ఏరుకున్నారు. రాయి దొరికితే చాలదు, దాన్ని ఎంచుకోవడం తెలియాలి. ఆ ద్వారంలో నేను ముందుగా మెచ్చుకునేది ఆ ఎంపికనే.

రెండో కారణం చాలామందికి తెలియదు. ఆ ద్వారం ముందు వందల ఏళ్ల పాటు ఒక చెక్క వసారా ఉండేది. ద్వారం బయటి భాగాలు దాని చాటున దాగి ఉండేవి. చెక్కడం అందరికీ కనబడాలని 1868లో దాన్ని తీసేశారు. అంటే ఆ పాముల మీద వాన నేరుగా పడటం మొదలైంది అప్పటినుంచే. మళ్లీ నూరేళ్లకు, 1968లో, కమాను పైన నీళ్లు పక్కకు జారేలా సన్నటి రక్షణ పట్టీ అమర్చారు. ఈసారి వెళ్తే తల ఎత్తి చూడండి, కమాను మీద కనిపిస్తుంది. చూడ్డానికి చిన్న పనే, నా లెక్కలో మాత్రం ఆ చర్చికి జరిగిన పెద్ద మేళ్లలో అదొకటి. ఇసుకరాయికి నీళ్లంత శత్రువు ఇంకొకటి లేదు. పైనుంచి కారి, రాతి పొరల మధ్యకు దిగి, చలికాలం గడ్డకట్టి వ్యాకోచిస్తాయి. అప్పుడు పైపొర రేకులా ఊడిపోతుంది. ఆ రేకుతో పాటు చెక్కడమూ పోతుంది.

మూడో కారణం అసలైనది. దాన్ని ఎవరూ కదపలేదు. కదిపితే ఏమవుతుందో చూడాలంటే ఇదే జిల్లాలో షాబ్డన్ వెళ్లాలి, లెమ్‌స్టర్ దగ్గర. 12వ శతాబ్దంలో ఆలివర్ డి మెర్లిమండ్ అనే ఆయన అక్కడ ఒక చర్చి కట్టించాడు. హ్యూ డి మోర్టిమర్ అనే ప్రభువు దగ్గర వ్యవహారాలు చూసే అధికారి ఆయన. స్పెయిన్‌లోని సాంతియాగో దె కాంపోస్తెలాకు తీర్థయాత్ర వెళ్లొచ్చినవాడు. షాబ్డన్‌లో చెక్కిన పనితనమూ కిల్‌పెక్ పనితనమూ ఒకే శిల్పి బృందానివని పండితులు అంటారు. 1750ల్లో అక్కడి జమీందారు బేట్‌మన్ కుటుంబం పాత చర్చిని పడగొట్టి, తెలుపూ లేత నీలం రంగులతో కొత్తది కట్టించుకుంది. పాతదాని కమానులను మాత్రం గుట్ట మీదికి తీసుకెళ్లి, దూరం నుంచి అందంగా కనబడాలని బయట నిలబెట్టారు. పైన చూరు లేదు, వెనక గోడ లేదు. ఇప్పుడు వాటి దగ్గర నిలబడితే ఇక్కడొక మనిషి ఉండేవాడు, ఇక్కడేదో అల్లిక ఉండేదని ఊహించుకోవాల్సిందే. 19వ శతాబ్దంలో వాటికి అచ్చులు తీసి ప్లాస్టర్ నకళ్లు చేయించారు. అవి లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు ప్రదర్శనశాలలో ఉండేవి. 1936లో ఆ భవనం కాలిపోయినప్పుడు అవీ పోయాయి.

ఒకే తరం చేతులు, ఒకే జిల్లా వాతావరణం. ఒకటి గోడలో, చూరు కింద ఉన్నచోటే ఉంది. ఇంకొకటి రెండున్నర శతాబ్దాలకు పైగా బయట తడిసింది. మీ నాన్నగారికి రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపించండి. షాబ్డన్ గుట్టకి వెళ్లిన ప్రతిసారీ నాకు కోపమే వస్తుంది. పడగొట్టినవాళ్లకు ఆ రాళ్ల విలువ తెలియక కాదు, తెలుసు కాబట్టే దాచారు. కానీ దాచడమంటే ఎండావానా తగలని చోట పెట్టడమని ఆలోచించలేదు.

1140 అన్నది సుమారు తేదీ. శిలాశాసనం ఏమీ లేదు. 1134లో హ్యూ అనే స్థానిక ప్రభువు ఈ చర్చిని గ్లోస్టర్‌లోని సెయింట్ పీటర్ మఠానికి రాసిచ్చినట్టు దాఖలా ఉంది. దాన్నీ, షాబ్డన్‌తో ఉన్న పోలికలనూ కలిపి చూసి 1140 ప్రాంతమని అంటున్నారు. చర్చి వెనక పడమటి వైపు మట్టి దిబ్బ చూశారా? అది ఆ ప్రభువుల కోట. పైన గోడ ముక్కలు కొన్ని మిగిలాయి. ఇంగ్లండ్ అంతర్యుద్ధ కాలంలో, 1645లో రాజుకు ఎదురు తిరిగిన పార్లమెంటు పక్షం వాళ్లు దాన్ని పనికి రాకుండా చేశారు. కోట పోయింది, చుట్టూ ఉన్న పాత ఊరూ చాలావరకు పోయి పొలంలో గట్లుగా మిగిలింది. చర్చి ఒక్కటే ఉండిపోయింది. ఊరు పెరిగి జనంతో కిక్కిరిసి ఉంటే ఈ చర్చిని ఎప్పుడో పెద్దది చేసేవాళ్లు. ఆ గోడ పగలగొట్టి పక్క వరండాలు కలిపేవాళ్లు. ఇంగ్లండ్‌లో బాగా బతికిన పల్లె చర్చిలు చాలావరకు అలా మారినవే. కిల్‌పెక్ మాత్రం జనం కూర్చునే నేవ్, దాని తర్వాత పాదిరి ఆరాధన జరిపే ఛాన్సెల్, చివర అర్ధవృత్తంగా తిరిగే గోడ, ఈ మూడు గదుల ఆకారంలోనే, ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను ఏలిన నార్మన్ల కాలంలో ఉన్నట్టే ఉండిపోయింది.

లోపలికి వెళ్లారా? అందరూ ద్వారం ఫొటో తీసుకుని తిరిగి కారెక్కేస్తారు. ఛాన్సెల్ ముందున్న కమాను రెండు వైపులా ఒకరి మీద ఒకరు నిలబడ్డ మనుషులు ఉంటారు, పక్కకు ముగ్గురు. ఒకరి చేతిలో తాళంచెవి ఉంది, అది యేసు శిష్యుడు పేతురు. ఇలా స్తంభం మీద మనుషుల్ని పేర్చడం సాంతియాగో కేథడ్రల్ దక్షిణ ద్వారంలో కనిపిస్తుంది. మెర్లిమండ్ తీర్థయాత్రకీ ఈ పల్లెటూరి కమానుకీ లంకె ఇక్కడే ఉందని ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ పోలండ్ పండితుడు జార్జ్ జార్నెకి వాదించారు.

గుంటూరు_నర్స్:

సున్నపు_గచ్చు గారూ, చాలా థాంక్సండి. ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. 1842 బొమ్మల మాట దగ్గర ఒప్పుకున్నారు. షాబ్డన్ ఫొటోలు చూసి బాగా బాధపడ్డారు.

పేతురు బొమ్మ మేం గమనించలేదు, ఇంకోసారి వెళ్తాం. అమ్మ సందేహం మాత్రం అలాగే ఉంది. ఆ చూరు కింది బొమ్మల్లో ఒక ఆడమనిషి బొమ్మ ఉంది. అమ్మ దాన్ని చూసి ముఖం తిప్పుకుంది. చర్చి గోడ మీద అలాంటిది ఉండటం నిజంగానే మాకు ఇబ్బందిగా అనిపించింది. దాని గురించి ఎవరైనా చెప్పగలరా?

వై_లోయ:

అక్కా, అలా మర్మాంగాన్ని తెరిచి చూపించే ఆడబొమ్మను షీలా నా గిగ్ అంటారు. నేను ఇక్కడే యూనివర్సిటీలో మధ్యయుగ చరిత్ర చదువుతున్నాను. ఐర్లండ్, ఇంగ్లండ్, వేల్స్ చర్చిల మీదా కోటల మీదా ఇలాంటివి చాలాచోట్ల ఉన్నాయి. కిల్‌పెక్‌దే వాటిల్లో అందరికీ తెలిసినది. మీ అమ్మగారి ఇబ్బంది కొత్తదేం కాదు. సున్నపు_గచ్చు గారు చెప్పిన 1842 చిత్రకారుడు కూడా దాన్ని ఉన్నదున్నట్టు గీయలేదు. గుండె తెరుచుకుని చూపిస్తున్న ఒక వెర్రివాడిగా మార్చి గీశాడు.

దాని అర్థం మీద ఒకే మాట లేదు. కామం మనిషిని పాడు చేస్తుందని భక్తులకు ఇచ్చిన హెచ్చరిక అని కొందరు. సంతానం కోసం మొక్కుకునే పాత ఆచారం మిగిలిందని కొందరు. చెడు చూపు చర్చి మీద పడకుండా ఆపడానికని ఇంకొందరు. మన దగ్గర కొత్త ఇంటికి దిష్టిబొమ్మ కడతారు కదా, ఈ మూడో మాట అర్థం చేసుకోవడానికి మనకు ఎక్కువ వివరణ అక్కర్లేదు. కానీ 12వ శతాబ్దపు హియర్‌ఫర్డ్‌షైర్ మేస్త్రీ అలాగే అనుకున్నాడని చెప్పే కాగితం లేదు కాబట్టి నేను ఏ ఒక్కదాన్నీ పట్టుకుని కూర్చోను.

నేను చెప్పదలుచుకున్నది ఇంకొకటుంది. ఆ ఒక్క బొమ్మనే చూస్తే మొత్తం వరస పోతుంది. ఆ రాతి ముక్కల్ని కార్బెల్స్ అంటారు. చూరు కింద గోడలోంచి బయటికి వచ్చి పైనున్న రాతి వరసను మోస్తాయి. మొదట 91 ఉండేవని, ఇప్పుడు 85 మిగిలాయని లెక్క. ఒక్కొక్కటీ చూస్తూ చర్చి చుట్టూ నడవండి. శిలువతో గొర్రెపిల్ల ఉంది, అది క్రీస్తుకు గుర్తు. దానికి కాస్త దూరంలోనే కుక్కా కుందేలూ పక్కపక్కన స్నేహితుల్లా ఉంటాయి. వాద్యం వాయించేవాడు ఉన్నాడు. మనుషుల్ని నోట్లో పెట్టుకున్న మృగం ఉంది. గొర్రెపిల్లా మృగమూ ఒకే చూరు కింద ఉండటం ఆ శిల్పులకు తప్పుగా తోచలేదు. వాళ్లకు సృష్టి మొత్తం ఆ గోడ మీదికి రావాల్సిందే. మంచిదీ, భయపెట్టేదీ, నవ్వించేదీ, ఊళ్లో రోజూ కనిపించేదీ అన్నీ. ఆదివారం అక్కడికొచ్చే రైతుకి లాటిన్ ప్రార్థన అర్థమై ఉండకపోవచ్చు, కానీ ఆ కుందేలుని అతను గుర్తుపట్టేవాడు.

అలాగే ద్వారం ఎడమవైపు లోపలి స్తంభం మీద తీగల్లో చిక్కుకున్న ఇద్దరు యోధులున్నారు, వదులు ప్యాంట్లతో. కుడివైపు స్తంభం పైన నోట్లోంచి ఆకులు పుట్టుకొచ్చే ముఖం. పడమటి గోడ మీద నోరు తెరిచి బయటికి పొడుచుకొచ్చిన డ్రాగన్ తలలు చూస్తే వైకింగుల చెక్క పని గుర్తొస్తుంది. ఇది వేల్స్ సరిహద్దు. ఈ ప్రాంతాన్ని ఆర్చెన్‌ఫీల్డ్ అనేవాళ్లు, వెల్ష్ జనం, వెల్ష్ ఆచారాలు. వాళ్ల మీద నార్మన్ ప్రభువులు. చర్చి పేరులోని డేవిడ్ కూడా ఆ వెల్ష్ వైపు పేరే. ఇన్ని వైపుల నుంచి వచ్చిన చేతివాటం ఒక చిన్న గోడ మీద కలవడం నాకు చాలా ఇష్టం.

సున్నపు_గచ్చు:

వై_లోయ గారు చెప్పింది బాగుంది. ముఖ్యంగా చుట్టూ నడవమన్న మాట. బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్లండి, కార్బెల్స్ ఎత్తులో ఉంటాయి. మధ్యాహ్నం దాటాక వెళ్తే దక్షిణ ద్వారం మీద వెలుతురు పక్కనుంచి పడి చెక్కడం లోతు బాగా తెలుస్తుంది.

నాన్నగారు సంఘ పెద్ద అన్నారు కాబట్టి ఇంకో రెండు చర్చిలు చెప్తాను. ఈ బృందం పనే అని చెప్పుకునేవి. లెడ్‌బరీ వైపు కాజిల్ ఫ్రోమ్‌లో బాప్తిస్మపు తొట్టి ఉంది. దాని మీద యేసు బాప్తిస్మం చెక్కారు, నీళ్లలో ఆయన చుట్టూ చేపలు, పైన పావురం. తొట్టి బరువంతా వీపు మీద మోస్తున్నట్టు కింద నలిగిపోయిన మనుషులు ఉంటారు. మీ అమ్మగారికి కూడా అది నచ్చుతుంది. రెండోది రౌల్‌స్టన్, కిల్‌పెక్ నుంచి అదే అబర్‌గవెన్నీ రోడ్డు పట్టుకుని ముందుకెళ్తే వస్తుంది. అది పేతురు పేరు మీదున్న చర్చి. లోపల ఛాన్సెల్ కమాను దగ్గర కొన్ని పక్షుల్నీ మనుషుల్నీ తలకిందులుగా చెక్కారు. పేతురును తలకిందులుగా సిలువ వేశారన్న సంప్రదాయాన్ని తలుచుకుని అలా చేశారని చెబుతారు. ఆ గోడలకు కొవ్వొత్తులు పెట్టే మధ్యయుగపు ఇనుప పట్టీలు ఇంకా ఉన్నాయి, వాటి మీదా పక్షులే.

ఇంకో మాట. ద్వారం దగ్గర పిల్లలు, పెద్దలు అందరూ ఆ పాముల మీద చెయ్యి వేసి ఫొటో దిగుతుంటారు. దయచేసి ముట్టుకోకండి, చేతికి తెలియకుండానే ఇసుక రేణువులు రాలతాయి. అలాగే లోపల విరాళాల పెట్టె కనిపిస్తే ఎంతో కొంత వేయండి. ఇంగ్లండ్‌లో పేరిష్ చర్చి మరమ్మతు ఖర్చు ఎక్కువగా ఆ చిన్న సంఘమే భరించాలి. కిల్‌పెక్ లాంటి ఊళ్లో ఉండేది కొద్దిమంది. ఆకులు రాలే కాలంలో పైకప్పు నీటి గొట్టాలు శుభ్రం చేయించడానికి అయ్యే డబ్బు కూడా వాళ్లే పోగేసుకోవాలి. గొట్టం పూడుకుపోతే నీళ్లు గోడ మీద పడతాయి. ఆ గోడ మీదే కార్బెల్స్ ఉన్నాయి.